నల్ల టాటూ ఇంక్‌లో ఏది సేఫ్ అని ఎలా తెలుసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ముంజేయి చుట్టూ రెండు వేళ్ల వెడల్పున నల్ల పట్టీ వేయించుకోవాలనుకుంటున్నారు. బెల్టు బకిల్, గిల్టు గొలుసు తగిలిన చోటల్లా దద్దుర్లు వస్తాయి కాబట్టి మీకు నికెల్ పడదని డాక్టర్ చెప్పారు. పైగా నల్ల ఇంక్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయని చదివి టెన్షన్ పట్టుకుంది. డైనమిక్, ఎటర్నల్, ఇంటెన్జ్, వరల్డ్ ఫేమస్, ఈ నాలుగు ఇంక్ బ్రాండ్లలో ఏది సేఫ్? వీగన్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

రంగు కోసం కార్బన్ బ్లాక్ (సి.ఐ. 77266; సి.ఐ. అంటే రంగుల అంతర్జాతీయ జాబితాలో నంబర్) ఒక్కటే వాడిన ఇంక్ తీసుకోండి. అది యూరప్ రీచ్ (రసాయనాల మీద యూరోపియన్ యూనియన్ చట్టం) నిబంధనల ప్రకారం తయారైనదై ఉండాలి. సీసా మీద ఏ బ్యాచ్ నంబర్ ఉందో ఆ నంబర్‌తోనే ల్యాబ్ రిపోర్టు దొరకాలి. మీ ఒక్కరి కోసం కొత్త కప్పులో పోయాలి. అందులో స్టెరైల్ కాని నీళ్లు ఒక్క చుక్క కూడా పడకూడదు. బ్రాండ్ పేరు వీటన్నిటి తర్వాతి మాట. వీగన్ ముద్రకి ఈ లెక్కలో చోటే లేదు.

ఏ ప్రమాదమూ లేని ఇంక్ ఉందా అంటే, లేదు. చర్మంలోకి ఎక్కించడానికి ఇదిగో ఈ రంగు పనికొస్తుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఒక్కదానికి కూడా ఆమోదం ఇవ్వలేదు. కాబట్టి "మాది ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ ఇంక్" అని ఎవరైనా గొప్పగా చెబితే వాళ్లకి తెలియదనుకోవాలి, లేదా మీకు తెలియదని వాళ్లు అనుకుంటున్నారనుకోవాలి.

నేను 14 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నేను ఖాళీ చేసే పది సీసాల్లో తొమ్మిది నలుపే. ఇన్నేళ్లలో గమనించింది ఒకటుంది. వచ్చేవాళ్లంతా సీసాలో ఏ కెమికల్ ఉందో అని భయపడతారు. చర్మం పాడై తిరిగి వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువ మంది ఆ సీసాలో ఏ క్రిమి చేరిందో దానివల్ల వచ్చారు. ఈ రెండూ వేరువేరు సంగతులు. ఒకదానికి తీసుకునే జాగ్రత్త రెండోదానికి పనిచేయదు. అందుకే విడివిడిగా చెబుతాను.

ముందు కెమికల్ సంగతి

నల్ల ఇంక్ అంటే మసి, అంతే. ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి శరీరం సుమారు 5,300 ఏళ్ల నాటిది. దాని మీద 61 పచ్చబొట్లు లెక్క తేలాయి, అవి మసితో వేసినవే. ఇప్పటి కార్బన్ బ్లాక్ కూడా నూనెనో గ్యాసునో చాలీచాలని గాలిలో కాల్చి పట్టే మసే. కాకపోతే ఫ్యాక్టరీలో తయారవుతుంది, రేణువు సైజు అదుపులో ఉంటుంది. అయితే చాలీచాలని గాలిలో ఏది కాలినా పీఏహెచ్‌లు అనే రసాయనాల గుంపు పుడుతుంది. సిగరెట్ పొగలో ఉండేవీ ఇవే. అందులో బెంజో(ఎ)పైరీన్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో పెట్టింది. మీరు చదివిన భయం అంతా ఈ జిడ్డు గురించే. నల్లరేణువుకి అది అంటుకుని వస్తుంది.

ఎంత అంటుకుని వస్తుందన్నది తయారీని బట్టి. 2010లో జర్మనీ పరిశోధకులు మార్కెట్లో దొరికే 19 నల్ల ఇంకులు పరీక్షిస్తే, గ్రాము ఇంక్‌కి 0.14 మైక్రోగ్రాముల నుంచి 201 మైక్రోగ్రాముల దాకా పీఏహెచ్‌లు కనిపించాయి. అన్నీ నలుపే, అన్నీ టాటూ ఇంక్ పేరుతో అమ్ముతున్నవే, తేడా మాత్రం వెయ్యి రెట్ల పైమాట. ఈ అంకెలు చూసిన రోజు నుంచి "నల్ల ఇంక్ మంచిదేనా" అని అడిగితే నేను "ఏ సీసా" అని ఎదురు అడుగుతున్నాను.

యూరోపియన్ యూనియన్ రీచ్ చట్టం కింద టాటూ ఇంకులకు పెట్టిన పరిమితులు 2022 జనవరి 4 నుంచి అమల్లోకి వచ్చాయి. దాదాపు 4,000 పదార్థాలు అందులోకి వస్తాయి. నలుపుకి సంబంధించినంత వరకు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. క్యాన్సర్ కారక పీఏహెచ్‌లకి 0.5 పీపీఎం, బెంజో(ఎ)పైరీన్‌కి ఇంకా వంద రెట్లు తక్కువగా 0.005 పీపీఎం, మీకు ముఖ్యమైన నికెల్‌కి 5 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. పైన చెప్పిన 201 మైక్రోగ్రాములు అంటే 201 పీపీఎం అన్నమాట. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీరు యూరప్‌లో ఉన్నా లేకపోయినా ఈ నిబంధనే కొలబద్దగా పెట్టుకోమంటాను. ఇంత వివరంగా అంకెలు పెట్టిన చట్టాలు తక్కువ. ఇక్కడే బ్రాండ్ ప్రశ్నకి కూడా జవాబు ఉంది. మీరు రాసిన నాలుగూ ఈ రంగంలో అందరూ వాడే పేర్లే. కానీ 2022 తర్వాత చాలా కంపెనీలు యూరప్ కోసం వేరే ఫార్ములా తెచ్చాయి, పాత ఫార్ములాని మిగతా చోట్ల అమ్ముతూనే ఉన్నాయి. పేరు ఒకటే, సీసా ఆకారం కూడా దాదాపు ఒకటే, లోపలిది వేరు. అందుకే "ఫలానా బ్రాండ్ మంచిది" అని నేను చెప్పినా అది సగం జవాబే అవుతుంది.

మరి క్యాన్సర్ మాటేమిటి? కార్బన్ బ్లాక్‌ని ఐఏఆర్‌సీ 2బి గ్రూపులో, అంటే "క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండవచ్చు" అన్న గ్రూపులో పెట్టింది. దానికి ప్రధాన ఆధారం ఎలుకలు ఆ ధూళిని పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో వచ్చిన కణితులు. చర్మంలో కూర్చున్న రేణువు, ఊపిరితిత్తిలోకి పోయిన ధూళి ఒకటి కావు. 2024లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ పరిశోధకులు టాటూ ఉన్నవాళ్లలో లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) రిస్క్ 21 శాతం ఎక్కువగా కనిపించిందని రాశారు. మీరు చదివింది బహుశా దాని గురించే అయ్యుంటుంది. అదే అధ్యయనంలో టాటూ పెద్దదైన కొద్దీ రిస్క్ పెరిగినట్టు కనిపించలేదు. ఇంక్ వల్లే అయితే పెరగాలి కదా అన్నది మామూలు ప్రశ్న. కాబట్టి తేలిపోయిన విషయం కాదు, కొట్టిపారేయాల్సిన విషయమూ కాదు. ఎక్కించిన రంగు ఉన్నచోటే ఉండదని మాత్రం తెలుసు. కొంత లింఫ్ గ్రంథులకు చేరుతుంది, సర్జన్లకు ఆపరేషన్‌లో నల్లబడ్డ గ్రంథులు కనిపిస్తాయి. రేపు ఎప్పుడైనా చంక దగ్గర స్కాన్ గానీ బయాప్సీ గానీ చేయాల్సి వస్తే, చేతికి పెద్ద నల్ల టాటూ ఉందని డాక్టర్‌కి ముందే చెప్పండి. అనవసరమైన కంగారు తప్పుతుంది.

నా వరకు నేను పాటించే లెక్క ఒక్కటే. ఇంక్ ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు వేళ్ల వెడల్పున ముంజేయి చుట్టూ నిండు నలుపు అంటే చాలా ఇంక్. మధ్యలో సన్నటి చర్మపు గీతలు వదిలి మూడు పట్టీలుగా వేయించుకుంటే చూడ్డానికి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం, ఇంక్ కూడా తగ్గుతుంది. ఇది మీ ఇష్టం.

నికెల్ సంగతి

నలుపు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి కార్బన్. రెండోది ఐరన్ ఆక్సైడ్ (సి.ఐ. 77499), కనుబొమ్మలు, కంటిరేఖ లాంటి పర్మనెంట్ మేకప్‌లో ఎక్కువ. ఐరన్ ఆక్సైడ్ రంగుల్లో నికెల్, క్రోమియం మలినాలుగా ఉండే అవకాశం ఎక్కువ. ఎమ్మారై తీసేటప్పుడు చుర్రుమనడం, వాపు రావడం లాంటి అరుదైన ఫిర్యాదులు కూడా ఇనుము ఉన్న రంగులతోనే ముడిపడి ఉన్నాయి. మీ చర్మానికి కార్బన్ ఒక్కటే చాలు అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదీ. 77266 పక్కన 77499 కూడా కనిపిస్తే ఆ సీసా మీది కాదు.

రీచ్ ప్రకారం నికెల్ పరిమితి లోపల ఉన్నా, అది ఉందని తెలిస్తే లేబుల్ మీద "నికెల్ ఉంది, అలర్జీ రావచ్చు" అన్న అర్థం వచ్చే వాక్యం రాయాలి. మామూలువాళ్లు పట్టించుకోనక్కర్లేదు, మీరు పట్టించుకోవాలి. ఆ వాక్యం లేని సీసా వెతుక్కోండి.

ఇక సూది స్టెయిన్‌లెస్ స్టీల్ కదా, అందులోనూ నికెల్ ఉంటుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. కానీ సూది లోపల ఉండిపోదు. నికెల్ పడనివాళ్లకి నేను చాలామందికి వేశాను, సూది వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తగల్లేదు. అయినా మీకు అలర్జీ తీవ్రంగా ఉంటే ఒకసారి చర్మ డాక్టర్‌ని అడిగాకే కూర్చోండి. ఇది నా అనుభవంతో తేల్చే విషయం కాదు.

ఊరట కలిగించే మాట ఒకటి. అన్ని రంగుల్లోకీ అలర్జీ తక్కువ తెచ్చేది నలుపే, ఎక్కువ తెచ్చేది ఎరుపు. నా దగ్గరికి టాటూ దురదతో వచ్చినవాళ్లలో నల్ల గీతలు చల్లగా ఉండి, ఎర్రపూవు మాత్రం దద్దులా లేచినవాళ్లే ఎక్కువ.

జుట్టు రంగు పడదా మీకు? తాత్కాలిక "నల్ల గోరింటాకు" పెట్టించుకుని బొబ్బలు తేలాయా ఎప్పుడైనా? దానికి కారణం పీపీడీ అనే హెయిర్ డై కెమికల్. టాటూ ఇంక్‌లోని కార్బన్‌తో దానికి సంబంధం లేదు. అసలు టాటూ భయంతో నల్ల గోరింటాకు వైపు వెళ్లేవాళ్లు ఉన్నారు, అది పెనం మీంచి పొయ్యిలో పడటమే.

వీగన్, ఆర్గానిక్

వీగన్ అంటే ఎముకలు కాల్చిన బొగ్గు (సి.ఐ. 77267), లక్క, జంతువుల కొవ్వు నుంచి తీసిన గ్లిజరిన్ లాంటివి వాడలేదని. మంచిదే. అది నమ్మకానికి సంబంధించిన విషయం. దాంతో పీఏహెచ్‌లు తగ్గవు, క్రిములు చావవు. ఉమ్మెత్త కాయ కూడా వీగనే.

ఆర్గానిక్ అన్న మాటని ఇంక్ సీసా మీద చూస్తే నాకు నవ్వొస్తుంది. రంగుల కెమిస్ట్రీలో ఆర్గానిక్ అంటే కార్బన్ సమ్మేళనం అని. అలర్జీలు తెచ్చే ఎర్ర ఏజో రంగులు కూడా ఆ లెక్కన ఆర్గానిక్కే.

ఇప్పుడు అసలు సంగతి: క్రిములు

నా రెండో ఏడాదిలో జరిగింది చెబుతాను. ఒకావిడ భుజం మీద ఈకల డిజైన్ వేశాను. గీతలకి చిక్కటి నలుపు, నీడలకి అదే నలుపుని పలుచన చేసి గ్రే వాష్. పలుచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ క్యాన్ వాడాను. అది తెరిచి చాలా రోజులైంది. పని బాగా వచ్చింది, ఆవిడ సంతోషంగా వెళ్లారు. పది రోజులకి చర్మం చక్కగా మానిందని ఫోటో కూడా పంపారు. మూడో వారంలో ఇంకో ఫోటో వచ్చింది. నీడ ఉన్న చోటల్లా ఆవగింజలంత ఎర్రటి పొక్కులు. గీతల మీద ఒక్కటీ లేదు. ఎక్కడ గ్రే ఆగిందో అక్కడే పొక్కులూ ఆగిపోయాయి, స్కేలు పెట్టి గీసినట్టు.

అలర్జీ అనుకుని స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చారు ఆవిడకి. ఇంకా పెరిగింది. చివరికి చర్మం ముక్క తీసి కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) పంపితే మైకోబ్యాక్టీరియం చెలోనే అని తేలింది. నీళ్లలో, మట్టిలో బతికే క్రిమి అది. మామూలుగా రాసే యాంటీబయాటిక్స్ దాని మీద సరిగా పనిచేయవు. ఆవిడ నెలల తరబడి మందులు వాడారు. తగ్గింది, మచ్చలు మిగిలాయి. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంతకంటే తిట్టినా బాగుండేది.

అప్పటిదాకా డిస్టిల్డ్ అంటే శుభ్రమైనదని అనుకునేవాడిని. డిస్టిల్డ్ అంటే ఉప్పులు, ఖనిజాలు తీసేసిన నీళ్లు. స్టెరైల్ అంటే బతికున్న క్రిమి ఏదీ లేని నీళ్లు. క్యాన్ మూత తీసిన క్షణం నుంచి డిస్టిల్డ్ వాటర్ కూడా మామూలు నీళ్లలాంటిదే. తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలో రోచెస్టర్‌లో 2011 చివర్లో సరిగ్గా ఇదే జరిగిందని. 19 మందికి ఇలాంటి పొక్కులే, చాలామందిలో ఇదే క్రిమి, అందరికీ గ్రే ఇంక్ వాడిన చోటే. అక్కడ ఆర్టిస్టు కలిపింది కూడా కాదు, తయారీలోనే పలుచన చేసి అమ్మిన ఇంక్ అది.

"సీల్డ్ సీసా కదా" అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. 2024లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 14 కంపెనీల 75 సీల్డ్ ఇంకులు (టాటూవి, పర్మనెంట్ మేకప్‌వి కలిపి) పరీక్షిస్తే 26 సీసాల్లో బ్యాక్టీరియా పెరిగింది. వాటిలో కొన్నింటి మీద స్టెరైల్ అని రాసి కూడా ఉంది. అందుకే గామా రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేసినట్టు చెప్పే ఇంకుల్ని ముందు చూస్తాను, ఆ మాటకి ఆ బ్యాచ్ మైక్రోబయాలజీ రిపోర్టు తోడుంటేనే కొంటాను.

మీరు కుర్చీలో కూర్చున్నాక చూడాల్సినవి కొన్నే. సీసా మూతి కప్పుకి తగలకుండా పోస్తున్నారా? కప్పు కొత్తదేనా? మీ పని అయ్యాక మిగిలిన ఇంక్‌ని తిరిగి సీసాలో పోస్తున్నారా? ఈ చివరిది ఎక్కడ చూసినా చెప్పులేసుకుని వచ్చేయండి, అక్కడ ఇంక్ ఏ బ్రాండ్ అయినా ఒకటే. గ్రే వాష్ ఉంటే దేంతో పలుచన చేస్తున్నారని అడగండి. కంపెనీ ఇచ్చే డైల్యూషన్ ద్రావణం, లేదా ఇంజెక్షన్లకి వాడే స్టెరైల్ నీళ్ల చిన్న ఆంప్యూల్ (సీలు వేసిన బుడ్డి) మీ ముందు తెరవడం, ఈ రెండే సరైన జవాబులు. మీ పట్టీకి నీడలు లేవు కాబట్టి పలుచన చేయాల్సిన అవసరమే రాదు, అదొక అదృష్టం.

తెరిచిన సీసాకి కూడా ఆయుష్షు ఉంటుంది. మూత తెరిచిన చిన్న డబ్బీ బొమ్మ లేబుల్ మీద ఉంటే దానిలో 6 నెలలా 12 నెలలా అని రాసి ఉంటుంది. నేను తెరిచిన తేదీని మార్కర్‌తో సీసా భుజం మీద రాస్తాను. రాయని షాపులో "ఇది ఎప్పుడు తెరిచారు" అని అడిగి చూడండి, చాలామంది పైకప్పు వైపు చూస్తారు.

సీసాని చేతిలోకి తీసుకుంటే

కొత్త సీసా వచ్చిందంటే నేను చేసేది ఇది. మెడ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీ బిగుతుగా ఉందా చూస్తాను. గోటితో నెడితే తిరిగేలా ఉంటే ఎవరో తీసి మళ్లీ వేసినట్టు. బ్యాచ్ నంబర్ మీద తడి వేలితో రుద్దుతాను, చెదిరితే అనుమానించాలి. లేబుల్‌లో అక్షరదోషాలు చూస్తాను. ఒకసారి తెలిసినవాళ్ల ద్వారా తక్కువకి వచ్చిందని నాలుగు సీసాలు తీసుకున్నాను. పేరున్న బ్రాండే, లేబుల్ అచ్చు గుద్దినట్టు ఉంది. ఊపితే లోపల గోళీ శబ్దం రాలేదు. నా దగ్గరున్న అసలు సీసాల్లో వస్తుంది. మూత తీస్తే ఘాటుగా పెయింట్ వాసన. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేశాను. నా మామూలు ఇంక్ చుక్క అంచు దాకా నల్లగానే పాకుతుంది. ఇది మధ్యలో మట్టిముద్దలా నల్లగా ఆగి, చుట్టూ ఊదా రంగు వలయం విడిపోయింది. అంటే నలుపు పేరుతో ఇంకేదో డై కలిపారు. నాలుగూ పారేశాను. ఒక సంగతి మర్చిపోకండి, టిష్యూ పరీక్షలో నెగ్గితే ఇంక్ సేఫ్ అని కాదు. ఓడితే పారేయడానికి మాత్రమే అది పనికొస్తుంది.

పదార్థాల జాబితాలో ఆక్వా అంటే నీళ్లే. గ్లిజరిన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, విచ్ హేజెల్ అనే మొక్క సారం మామూలుగా ఉండేవే, పేర్లు చూసి కంగారుపడొద్దు. ఫార్మాల్డిహైడ్, ఐసోథయాజోలినోన్ అని ముగిసే ప్రిజర్వేటివ్‌లు, ఫినాల్ కనిపిస్తే మీలాంటి అలర్జీ చర్మం ఉన్నవాళ్లు వద్దనాలి. జాబితా అసలు లేకపోతే చర్చే లేదు.

జాబితా ఉంటే చాలా అంటే అదీ లేదు. 2024లోనే అమెరికాలో బింగమ్‌టన్ యూనివర్సిటీవాళ్లు 54 ఇంకులు (రంగురంగులవి) పరీక్షిస్తే 45 ఇంకుల్లో లేబుల్ మీద ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ పొంతన కుదరలేదు. అందుకే బ్యాచ్ రిపోర్టు గురించి ఇంత పట్టుబడుతున్నాను.

బొమ్మలు గీసే ఇండియా ఇంక్, పెన్ను ఇంక్, ప్రింటర్ ఇంక్ గురించి ఒక్క మాట: వద్దు. అందులోనూ కార్బనే ఉండొచ్చు, కానీ అవి కాగితం కోసం చేసినవి. లక్క, ప్రిజర్వేటివ్‌లు కలిపి ఉంటాయి, స్టెరైల్ చేయరు.

రిపోర్టు అడిగితే ఏం చూపిస్తారు

చాలా షాపుల్లో రిపోర్టు అడిగితే ఎస్‌డీఎస్ అని ఒక కాగితం తీసి చూపిస్తారు, పాతవాళ్లు ఎంఎస్‌డీఎస్ అంటారు. పేజీలు పేజీలు ఉంటుంది, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. అది పరీక్ష ఫలితం కాదు. ఆ ఇంక్ కంట్లో పడితే ఏం చేయాలి, నేల మీద ఒలికితే ఎలా తుడవాలి అని చెప్పే కాగితం. నేను కూడా మొదటి మూడేళ్లు అదే ఫైల్‌లో పెట్టుకుని కస్టమర్లకి చూపించేవాడిని, ఏమీ తెలియక.

మీకు కావలసిన దాన్ని అనాలిసిస్ సర్టిఫికెట్ అంటారు. కంపెనీ వెబ్‌సైట్‌లో బ్యాచ్ నంబర్ కొడితే కొన్ని బ్రాండ్లకి నేరుగా దొరుకుతుంది. అందులో బ్యాచ్ నంబర్ మీ సీసా మీది అక్షరాలతో సరిపోవాలి. పరీక్ష చేసిన ల్యాబ్ ఇంక్ కంపెనీది కాకుండా బయటిదై ఉండాలి. ఫలితాల్లో అంకెలు ఉండాలి, ఊరికే "పాస్" అని ఉంటే చాలదు. పీఏహెచ్‌లు, బెంజో(ఎ)పైరీన్, నికెల్, క్రోమియం, సీసం, ఆర్సెనిక్, ఆ తర్వాత బ్యాక్టీరియా, ఫంగస్ లెక్కలు.

మిగిలిన కొన్ని మాటలు

కార్బన్ ఒక్కటే ఉంటే కొన్నేళ్లకి పచ్చబడిపోతుందేమో అని కొందరు భయపెడతారు, "ఎక్స్‌ట్రా బ్లాక్" అని ఇంకేదో అంటగడతారు. నల్లరేణువు చర్మం లోపల, పైపొరల కింద కూర్చుంటుంది. పైపొరలు వెలుతుర్ని చెదరగొట్టడం వల్ల అది కాస్త నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది, ఎంత లోతుకి పోతే అంత ఎక్కువ. దాన్ని మనం పచ్చబొట్టు అనడం ఊరికే కాదనిపిస్తుంది నాకు. ఇంక్ మార్చి దీన్ని తప్పించుకోలేరు. చేయి తిరిగిన ఆర్టిస్టు అయితే లోతు అదుపులో పెడతాడు.

ముందుగా ఒక చుక్క వేయించుకుని చూడొచ్చా? చూడొచ్చు. అలర్జీ ఉందన్నవాళ్లకి నేను పట్టీ పడబోయే చోటే ఒక చిన్న చుక్క వేసి ఆరు వారాలు ఆగమంటాను. అది గ్యారంటీ కాదు. టాటూ అలర్జీ నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. కానీ తొందరగా వచ్చేది ఏదైనా ఉంటే చుక్క దగ్గరే దొరికిపోతుంది, పట్టీ మొత్తం పోదు.

పట్టీ దారిలో పుట్టుమచ్చ ఉంటే దాని చుట్టూ చర్మం వదిలేయమనండి. నలుపు కింద మచ్చ మారుతున్నా కనిపించదు. చేయి చుట్టూరా ఒకే రోజు నింపితే వాపు ఎక్కువగా ఉంటుంది, సగం ఇప్పుడు, సగం నెల తర్వాత అంటే మీకే సుఖం. గర్భంతో ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నా, ఇప్పుడు వద్దు. కెలాయిడ్ (గాయం మచ్చ ఉబ్బుగా పెరగడం) లేచే చర్మమైతే డాక్టర్‌ని అడగండి.

వేయించుకున్న వారంలో ఎరుపు, వాపు రోజురోజుకీ తగ్గుతూ ఉండాలి. మానిపోయిందనుకున్నాక రెండు నుంచి నాలుగు వారాల మధ్య పొక్కులు లేస్తే అలర్జీ అని సొంతంగా క్రీములు రాసుకోకండి. డాక్టర్‌కి "ఇది టాటూ తర్వాత వచ్చింది, ఇంక్ నుంచి ఇన్ఫెక్షన్ కావచ్చు, కల్చర్ చేయండి" అని మీరే చెప్పండి. జ్వరం వచ్చినా, ఎర్రటి చార పైకి పాకుతున్నా అదే రోజు వెళ్లండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఏ ఇంక్ అని, అందుకే కూర్చునే ముందే సీసా లేబుల్, అడుగున ఉన్న బ్యాచ్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నా రెండో ఏడాది కేసులో నా దగ్గర ఆ నంబర్ రాసి లేదు.

ఫోన్ చేసి "మీ నల్ల ఇంక్ బ్యాచ్ నంబర్ చెప్పగలరా, నాకు నికెల్ అలర్జీ ఉంది" అని అడగండి. సరైన మనిషైతే సీసా తీసుకొచ్చి చదివి వినిపిస్తాడు. విసుక్కుంటే ఇంకో చోట చూసుకోండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక ముందు బెంజో(ఎ)పైరీన్ గడి, తర్వాత నికెల్ గడి వెతకండి. ఆ రెండు గడులూ లేని కాగితం అయితే మిగతా పేజీలు చదివి మీ టైమ్ పాడుచేసుకోకండి, ఇంకో బ్యాచ్ అడగండి.